పొలిమేర లోపల అందరికీ ఒక్కరే: ఇంగ్లండ్ పల్లె వికార్ దినచర్య

ఇంగ్లండ్‌లో ఏ పల్లెలో కాపురం ఉంటున్నా, ఆ ఊరి చర్చిలో పెళ్లి చేసుకునే హక్కు మీకు ఉంటుంది. మీరు ఏనాడూ ఆ గడప తొక్కి ఉండకపోవచ్చు. దేవుడి మీద నమ్మకం లేకపోవచ్చు. బాప్తిస్మం తీసుకుని ఉండకపోవచ్చు. విడాకుల వంటి కొన్ని మినహాయింపులు తప్పిస్తే, వధూవరుల్లో ఒకరు ఆ చర్చి పరిధిలో నివాసం ఉంటే చాలు, ఆ చర్చి గురువైన వికార్ కాదనడానికి వీల్లేదు. చనిపోతే, చర్చి పక్కనున్న సమాధుల తోటలో చోటున్నంత కాలం అక్కడ భూస్థాపన చేయించుకునే హక్కూ ఉంది. ఇది వికార్ దయ మీద ఆధారపడిన సంగతి కాదు. చట్టం.

పల్లె వికార్ అనగానే రోజాపూల తోట, టీ కప్పు, ఆదివారం ఉదయం ఒక ప్రసంగం గుర్తొస్తాయి. నవలలూ టీవీ సీరియళ్లూ ఆ బొమ్మనే చూపించాయి. ఇప్పటి వికార్ రోజు అలా గడవదు. ఎందుకు గడవదో అర్థం కావాలంటే ఈ హక్కు దగ్గర మొదలుపెట్టాలి. పరిధిలోని మనుషులందరి పట్లా బాధ్యత అలాగే ఉంది. ఆ బాధ్యతను మోయడానికి ఒకప్పుడు కట్టిన ఆర్థిక పునాది మాత్రం కూలిపోయింది. నేటి వికార్ డైరీలోని హడావుడిలో ఎక్కువ భాగం ఈ రెంటి మధ్య ఖాళీని పూడ్చడానికే.

సభ్యుల జాబితా కాదు, నేల

ఇంగ్లండ్‌లో రాజ్యాంగపరంగా స్థానం ఉన్న మతసంస్థ చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్. దాని అత్యున్నత పాలకుడు రాజుగారే. 42 డయాసిస్‌లు (ఒక్కో బిషప్ పాలించే ప్రాంతాలు), వాటి కింద సుమారు 12,500 పారిష్‌లు, సుమారు 16,000 చర్చి భవనాలు ఉన్నాయి. ఆ చర్చిల్లో ఎక్కువ భాగం పల్లెల్లోనే ఉన్నాయి. మన కతోలికులు విచారణ అనీ, సీఎస్ఐ వాళ్లు పాస్టరేట్ అనీ పిలిచేదానికి పారిష్ దగ్గరగానే ఉంటుంది కానీ ఒక ముఖ్యమైన తేడా ఉంది.

మన దగ్గర పాస్టరు గారికి తన సంఘస్థులు ఎవరో తెలుసు. పేరు రాయించుకున్నవాళ్లు, ఆరాధనకు వచ్చేవాళ్లు, కానుక వేసేవాళ్లు. ఇంగ్లండ్ చర్చి లెక్క మనుషులతో కాక నేలతో మొదలవుతుంది. దేశమంతటినీ పారిష్‌లుగా పంచారు. ఎక్కడ ఇల్లు కట్టుకున్నా ఏదో ఒక పారిష్‌లో ఉన్నట్టే. కొత్త వికార్‌ను నియమించే రోజున బిషప్ ఆ పొలిమేర లోపలి ఆత్మలన్నిటి బాధ్యతనూ అప్పగిస్తారు. అందులో మెథడిస్టు ఉంటారు, ముస్లిం ఉంటారు, ఏ మతమూ లేనివాళ్లు ఉంటారు. 2021 జనాభా లెక్కల్లో ఇంగ్లండ్, వేల్స్‌లలో క్రైస్తవులమని చెప్పుకున్నవాళ్లు 46.2 శాతం. సగానికి తగ్గడం అదే మొదటిసారి. అయినా వికార్ బాధ్యత నూటికి నూరు శాతం మీదా ఉంది.

ఈ ఏర్పాటును జీర్ణించుకోలేక పదవి వదిలేసిన వికార్ ఒకరు చరిత్రలో ఉన్నారు. చైనాలో మిషనరీగా పనిచేసి వచ్చిన రోలండ్ ఆలెన్ బకింగ్‌హామ్‌షైర్‌లోని చాల్ఫాంట్ సెయింట్ పీటర్‌కు వికార్ అయ్యారు. చర్చితో ఏ సంబంధమూ లేని తల్లిదండ్రులు కూడా పిల్లల్ని బాప్తిస్మానికి తెస్తుంటే, కాదనే వీలు తనకు లేకపోవడం ఆయన మనస్సాక్షికి నచ్చలేదు. 1907లో రాజీనామా చేశారు. 1912లో మిషన్ పద్ధతుల మీద ఆయన రాసిన పుస్తకాన్ని ప్రపంచమంతా చదివారు. చర్చితో సంబంధం లేనివాళ్లకు కాదనకుండా ఎందుకివ్వాలన్న ఆలెన్ ప్రశ్న ఇంకా అలాగే ఉంది. చాలామంది పల్లె వికార్లు దానికి మరో జవాబు ఇచ్చుకుంటారు: తలుపు తట్టిన మనిషి ఎందుకొచ్చాడని అడగకుండా లోపలికి పిలవడమే తమ పని అని.

దశమభాగం పోయి జీతం వచ్చింది

ఈ బాధ్యతకు పూర్వం పక్కాగా ఆదాయం ఉండేది. మన గుడి పూజారికి మాన్యం ఉన్నట్టే చర్చికి గ్లీబ్ అనే భూమి ఉండేది. దాన్ని వికార్ సాగు చేసుకోవచ్చు, కౌలుకు ఇవ్వొచ్చు. దానికి తోడు ఊళ్లో పండిన పంటలో, పుట్టిన గొర్రెపిల్లల్లో పదో వంతు చర్చికి చెల్లించాలి. అది ఇష్టపూర్వకమైన కానుక కాదు, తప్పనిసరి పన్ను. ధాన్యం, గడ్డి వంటి పెద్ద దశమభాగాలు ఎవరికి దక్కితే ఆయన రెక్టర్. ఆ హక్కు ఏ మఠానికో, తర్వాత ఏ భూస్వామికో పోయి, చిన్న దశమభాగాలతో సరిపెట్టుకునే గురువు వికార్. ఇప్పుడు ఆ రెండు పదవుల పనిలో తేడా లేదు, పేర్లు మిగిలాయి.

నార్ఫోక్‌లోని వెస్టన్ లాంగ్‌విల్ రెక్టర్ జేమ్స్ వుడ్‌ఫోర్డ్ 1776 నుంచి 1803లో చనిపోయే దాకా అక్కడే ఉన్నారు. ఆయన డైరీ ఆ కాలానికి అద్దం. ప్రతి డిసెంబరులో రైతులు దశమభాగం సొమ్ము కట్టడానికి వచ్చేవారు. డబ్బు తీసుకున్నాక రెక్టరుగారు వాళ్లకు మాంసంతో, మద్యంతో విందు ఇచ్చేవారు. ఆ విందు లేకపోతే చెల్లింపు చేదుగా ఉంటుందని ఇద్దరికీ తెలుసు. ఒకే ఊరు, ఒకే చర్చి, సమృద్ధిగా రాబడి. మన ఊహల్లోని వికార్ ఆ కాలపు మనిషి.

1836 చట్టం పంట రూపంలోని దశమభాగాన్ని డబ్బు రూపంలోకి మార్చింది. వ్యవసాయం దెబ్బతిన్న 1920లు, 30లలో రైతులు ఎదురుతిరిగారు, బకాయిలకు పశువుల్ని జప్తు చేసిన చోట గొడవలయ్యాయి. 1936 చట్టం ఆ చెల్లింపునూ రద్దు చేసింది. మిగిలిన గ్లీబ్ భూములు 1978లో వికార్ల చేతి నుంచి డయాసిస్‌ల చేతికి వెళ్లాయి. అలా ఊరి నేల మీద వికార్‌కు ఉన్న చివరి ఆదాయ హక్కు ముగిసింది.

పాత దశమభాగపు భూమి మెడకు చుట్టుకున్న ఉదంతం ఒకటుంది. వారిక్‌షైర్‌లోని ఆస్టన్ కాంట్లోలో ఒక దంపతుల పొలానికి, చర్చి బలిపీఠం వైపు భాగాన్ని బాగు చేయించే పురాతన బాధ్యత అంటుకుని ఉందని 2003లో హౌస్ ఆఫ్ లార్డ్స్ తీర్పు చెప్పింది. వాళ్లు మరమ్మతు ఖర్చు భరించక తప్పలేదు. చర్చి తరఫున దావా వేసింది ఊరివాళ్లే ఉన్న పారిష్ చర్చి కౌన్సిల్. అలాంటి దావా తర్వాత ఆ ఊళ్లో వికార్ ఎవరి ఇంటికి ఏ ముఖంతో వెళ్లగలరో ఊహించుకోవచ్చు.

ఇప్పుడు వికార్‌కు వచ్చేది డయాసిస్ ద్వారా అందే భృతి. ఏడాదికి 30,000 పౌండ్లకు పైగా ఉంటుంది. ఉండటానికి ఇల్లు ఇస్తారు, పింఛను ఉంటుంది. అయితే ఇల్లు పదవికి చెందినది. సాధారణంగా 70 ఏళ్లకు పదవి దిగాలి, దిగగానే ఇల్లు ఖాళీ చేయాలి. జీవితమంతా పెద్ద ఇంట్లో ఉండి, చివర్లో తలదాచుకునే సొంత చోటు లేకుండా మిగిలే ప్రమాదం ఉంది కాబట్టి విశ్రాంత గురువుల కోసం చర్చి పింఛను బోర్డు ప్రత్యేక గృహ పథకం నడుపుతోంది. భృతి కోసం డయాసిస్ ప్రతి పారిష్ నుంచీ ఏటా వాటా అడుగుతుంది. ఇరవై మంది వస్తేనే మంచి ఆదివారం అనుకునే చర్చికి ఆ వాటా బరువే. ఆ డబ్బు కోసం కేకుల అమ్మకాలు, క్విజ్ రాత్రులు, వేసవి సంతలు జరుగుతాయి. వికార్ అన్నిటికీ వెళ్లాలి, అన్నిచోట్లా లాటరీ టికెట్ కొనాలి.

ఒకరికి ఒక ఊరు, ఒకరికి ఏడూళ్లు

రాబడి పోయాక ఊరికో వికార్‌ను నిలబెట్టడం సాధ్యం కాలేదు. పైగా జనం పట్టణాలకు తరలిపోయారు, గురువులు మాత్రం పాత లెక్క ప్రకారం పల్లెల్లోనే ఎక్కువగా ఉండిపోయారు. ఈ అసమతౌల్యాన్ని 1964లో చర్చి కోసం లెస్లీ పాల్ రాసిన నివేదిక అంకెలతో సహా బయటపెట్టింది. అంతకుముందే, 1949లో లింకన్‌షైర్‌లోని సౌత్ ఆర్మ్స్‌బీ చుట్టూ ఉన్న చిన్న ఊళ్లను ఒక గుంపుగా కలిపి చూశారు. ఆ తర్వాత దశాబ్దాల్లో గుంపు కట్టడం మినహాయింపు నుంచి మామూలు పద్ధతిగా మారింది. ఇవాళ ఒకే వికార్ చేతిలో ఐదు, ఏడు, కొన్నిచోట్ల పదికి మించి చర్చిలు ఉంటాయి.

ఇక్కడొక మెలిక ఉంది. వికార్లను కలిపారు గానీ, చాలాచోట్ల పారిష్‌లను కలపలేదు. ఏడు ఊళ్లుంటే ఏడు పారిష్ చర్చి కౌన్సిళ్లు, ఏడు ఖాతాలు, ఏడు వార్షిక సమావేశాలు, ఏడు పైకప్పులు. ప్రతి ఊరికీ తమ వికార్ తమ ఊళ్లోనే ఉన్నట్టు అనిపించాలి. నూరేళ్ల కిందటి వికార్ గుర్రం మీద పక్క పొలాల దాకా వెళితే చాలు. ఇప్పటి వికార్ ఇరుకు దారుల్లో ట్రాక్టరు వెనక కారు నడుపుతూ ఒక ఆరాధన ముగిసి మరొకటి మొదలయ్యే మధ్య గంటను లెక్కపెట్టుకోవాలి.

ప్రతి పారిష్ చర్చిలోనూ ప్రతి ఆదివారం ఆరాధన జరగాలన్న నియమం 17వ శతాబ్దం తొలినాళ్ల నుంచి చర్చి చట్టంలో ఉండేది. పల్లెల్లో అది ఆచరణలో ఎప్పుడో పోయింది. 2019లో చర్చి శాసనసభ అయిన జనరల్ సినడ్ ఆ చట్టాన్ని సవరించడానికి ఒప్పుకుంది. ఇప్పుడు గుంపులోని ఏదో ఒక చర్చిలో ఆరాధన జరిగితే సరిపోతుంది.

ఆదివారం తర్వాతి ఆరు రోజులు

ఆదివారం పట్టిక ముందే పారిష్ పత్రికలో అచ్చవుతుంది. ఎనిమిది గంటలకు ఒక ఊళ్లో 1662 నాటి ప్రార్థన పుస్తకంతో, పాటలు లేకుండా, ప్రభురాత్రి భోజనం. వచ్చేది ఆరేడుగురు పెద్దలు. తొమ్మిదిన్నరకు రెండో ఊళ్లో 2000లో వచ్చిన కొత్త ఆరాధన క్రమంతో, పాటలతో. పదకొండుకు మూడో ఊళ్లో పిల్లలతో కలిపి. సాయంత్రం మరో ఊళ్లో సాయంకాల ప్రార్థన. మరుసటి ఆదివారం ఊళ్లు మారతాయి. ఐదో ఆదివారం వస్తే అందరూ ఒకేచోట కలవాలంటారు. అయితే పక్క ఊరి చర్చి వెయ్యి గజాల దూరంలో ఉన్నా, అది తమది కాదు గనుక కొందరు ఆ రోజు ఇంట్లోనే ఉండిపోతారు. ఆర్గన్ వాయించేవాళ్లు దొరకని ఊళ్లలో రికార్డు చేసిన సంగీతానికి కీర్తనలు పాడతారు.

మిగతా వారం ఉదయపు ప్రార్థనతో మొదలవుతుంది. ఉదయ, సాయంకాల ప్రార్థనలు రోజూ చేయడం వికార్ విధి. ఎవరూ రాకపోయినా చేస్తారు. తర్వాత బడి. ఇంగ్లండ్ చర్చికి అనుబంధంగా సుమారు 4,600 బడులున్నాయి. వాటిలో చాలా వరకు పల్లెల్లోని ప్రాథమిక పాఠశాలలు. ఊరి చర్చి బడిలో వికార్ పదవి రీత్యా పాలకమండలి సభ్యులు కావడం పరిపాటి. అంటే ఉదయం పిల్లలకు నోవహు ఓడ కథ చెప్పినవాళ్లే సాయంత్రం ఆ బడి బడ్జెట్ లోటు గురించి మాట్లాడాలి.

మధ్యాహ్నాలు ఇళ్లకు వెళ్లడానికి. మంచం పట్టినవాళ్లకు ఇంటి దగ్గరే సంస్కారం ఇస్తారు. దూరపు పట్నం ఆసుపత్రిలో ఉన్నవాళ్లను చూసి వస్తారు. పొలాల మధ్య ఒంటరి ఇళ్లలో రైతుల దగ్గర కూర్చుంటారు. పల్లె వికార్‌కు పశువుల గురించి కొంచెమైనా తెలిసి ఉండాలని 2001లో అందరికీ అర్థమైంది. ఆ ఏడాది గాలికుంటు వ్యాధిని అరికట్టడానికి బ్రిటన్‌లో 60 లక్షలకు పైగా పశువుల్ని చంపేశారు. తరతరాలుగా పెంచుకున్న మంద ఒక్క పూటలో పోయిన ఇంటికి రాకపోకలు నిషేధం. రాలేని వికార్లు ఫోన్లో గంటల తరబడి విన్నారు. ఆ ఫోన్ల జ్ఞాపకం చాలా ఊళ్లలో ఏ ప్రసంగం కంటే గట్టిగా నిలిచింది.

సాయంత్రాలు సమావేశాలవి. ఏడు కౌన్సిళ్లుంటే వారానికి ఒకటి రెండు తప్పవు. పిల్లల, బలహీనుల రక్షణకు సంబంధించిన శిక్షణలు, నేర చరిత్ర తనిఖీలు ఇప్పుడు ప్రతి పారిష్‌కూ తప్పనిసరి. గతంలో చర్చిలో జరిగిన అన్యాయాలు బయటపడ్డాక వచ్చిన నియమాలివి. కాగితాలు పెరిగాయని విసుక్కునే వికార్లు కూడా ఈ ఒక్క విషయంలో విసుక్కోకూడదని ఒప్పుకుంటారు.

నిబంధనల ప్రకారం వికార్‌కు వారంలో 24 గంటల పూర్తి విరామం, ఏడాదికి 36 రోజుల సెలవు ఉన్నాయి. ఆ సెలవుల్లో ఆదివారాలు ఆరుకు మించకూడదు. క్రిస్మస్, ఈస్టర్ రోజుల్లో సెలవు మాటే లేదు. అయితే ఇల్లే ఆఫీసు, ఫోన్ నంబరు అందరి దగ్గరా ఉంటుంది. విరామం రోజున తలుపు తట్టింది భర్త పోయిన మనిషి అయితే, నిబంధన చూపించి పంపేసే వికార్ ఉండరు.

వెయ్యేళ్ల కప్పు కింద గబ్బిలాలు

వికార్ అవుతున్నప్పుడు ఎవరూ ఊహించని పని భవనాలది. ఇంగ్లండ్ చర్చి భవనాల్లో నాలుగింట మూడొంతులకు పైగా రక్షిత కట్టడాలు. దేశంలోని మొదటి శ్రేణి రక్షిత కట్టడాల్లో దాదాపు 45 శాతం ఈ చర్చిలే. నార్మన్ల కాలపు తోరణం, పదిహేనో శతాబ్దపు గోపురం ఉన్న చర్చిని పట్టుమని రెండొందల మంది లేని ఊరు కాపాడుకోవాలి. అలాంటి పాత చర్చిలు చాలావాటిలో నీటి కుళాయి, మరుగుదొడ్డి ఉండవు. వాటిని పెట్టించాలంటే చర్చి న్యాయస్థానం నుంచి అనుమతి తెచ్చుకోవాలి. ప్రతి డయాసిస్‌కూ అలాంటి న్యాయస్థానం, దానికొక న్యాయమూర్తి ఉన్నారు. చిన్న పనులకు అనుమతి అక్కర్లేదు, ఓ మోస్తరు వాటికి బిషప్ కింది అధికారి అయిన ఆర్చిడీకన్ రాతపూర్వక అనుమతి చాలు. బెంచీలు తీసేయాలన్నా, నేల తవ్వాలన్నా న్యాయమూర్తి దాకా వెళ్లాలి. ఐదేళ్లకోసారి ఆర్కిటెక్టు వచ్చి భవనమంతా పరిశీలించి నివేదిక ఇస్తారు. ఆ నివేదిక వచ్చిన వారం కౌన్సిల్ కోశాధికారికి నిద్ర ఉండదు.

పైకప్పు మీది సీసపు రేకుల్ని దొంగలు రాత్రికి రాత్రి ఒలుచుకుపోతారు, తెల్లారి వాన పడేదాకా ఎవరికీ తెలియదు. కప్పు కింద గబ్బిలాలు కాపురం పెడతాయి. బ్రిటన్‌లో గబ్బిలాలన్నీ 1981 నాటి వన్యప్రాణి చట్టం రక్షణలో ఉన్నాయి. వాటి గూడును కదిలించడం నేరం. అందుకని బలిపీఠం మీది బట్టను ఆరాధనకు ముందు దులిపి, అయిపోగానే ప్లాస్టిక్ షీటు కప్పే ఊళ్లున్నాయి. లాటరీ నిధి సాయంతో 2018 నుంచి 2023 వరకు చర్చి, ప్రకృతి సంరక్షకులు కలిసి ఒక ప్రాజెక్టు నడిపి, గబ్బిలాలూ ఆరాధకులూ ఒకే కప్పు కింద ఎలా బతకొచ్చో వెతికారు.

ఆ భవనం ఎందుకింత ముఖ్యమో చర్చికి రాని ఊరివాళ్లను అడిగితే తెలుస్తుంది. వాళ్ల తాతముత్తాతలు ఆ తోటలో ఉన్నారు. రెండు ప్రపంచ యుద్ధాల్లో చనిపోయిన కుర్రాళ్ల పేర్లు ఆ గోడ మీద ఉన్నాయి. ఆరాధనకు రారు గానీ, చర్చి మూసేస్తామంటే అందరికంటే ముందు వీధిలోకి వచ్చేది వాళ్లే.

పెళ్లి, చావు, పండుగ

పెళ్లికి ముందు వరుసగానో విడివిడిగానో మూడు ఆదివారాలు వధూవరుల పేర్లు చర్చిలో చదివి, అభ్యంతరం ఉంటే చెప్పమంటారు. మన సీఎస్ఐ చర్చిల్లో పెళ్లి ప్రకటనలు చదివే ఆచారం అక్కడి నుంచి వచ్చిందే. 2021 మే నుంచి చర్చిలోని పెళ్లి రిజిస్టర్ల స్థానంలో ప్రత్యేక పత్రం వచ్చింది. అందులో తొలిసారి తల్లుల పేర్లకూ చోటు దొరికింది. ఆ పత్రం గడువు లోపల రిజిస్ట్రారుకు చేర్చాల్సిన భారం వికార్‌దే. పెళ్లికీ, భూస్థాపనకూ చట్టం నిర్ణయించిన రుసుము ఉంటుంది. అది వికార్ జేబులోకి వెళ్లదు. డయాసిస్‌కూ, పారిష్ చర్చి కౌన్సిల్‌కూ చెందుతుంది.

వికార్ నైపుణ్యానికి అసలు పరీక్ష భూస్థాపన. కుటుంబం దగ్గర కూర్చుని, చనిపోయిన మనిషి గురించి గంటా రెండు గంటలు విని, తనకు పరిచయం లేని ఆ జీవితాన్ని పది నిమిషాల్లో నిజాయితీగా చెప్పగలగాలి. పల్లెలో ఊరంతా వస్తుంది. చెప్పినదాంట్లో అబద్ధం ఏదో, వదిలేసింది ఏదో అందరికీ తెలుసు. కార్న్‌వాల్‌లోని మార్వెన్‌స్టో వికార్ రాబర్ట్ స్టీఫెన్ హాకర్ ఈ బాధ్యతను ఊరికీ, పేరుకీ అతీతంగా విస్తరించారు. 1834 నుంచి నాలుగు దశాబ్దాలు అక్కడున్న హాకర్, ఓడలు బద్దలై ఒడ్డుకు కొట్టుకొచ్చిన అనామక నావికుల శవాలను తన సమాధుల తోటలో ప్రార్థనలతో పూడ్చిపెట్టించారు.

ఆ హాకరే 1843లో పంట చేతికొచ్చాక కృతజ్ఞతారాధన జరిపారు. ఇప్పుడు ఇంగ్లండ్ పల్లెలన్నిటా జరిగే కోతల పండుగకు అదే ఆరంభమంటారు. పల్లె చర్చి ఏడాదికి సొంత లెక్కలున్నాయి. జనవరిలో నాగలికి ఆశీర్వాదం, వసంతంలో పొలిమేర చుట్టూ నడిచి పైర్ల కోసం ప్రార్థన, శరత్తులో కోతల పండుగ, నవంబరులో యుద్ధ మృతుల స్మరణ, డిసెంబరులో ప్రతి ఊళ్లోనూ విడివిడిగా క్రిస్మస్ పాటలు. ఏడాదంతా ఖాళీగా ఉన్న బెంచీలు ఆ ఒక్క సాయంత్రం చాలవు. వికార్ మాత్రం ఒకే కథను నెలలో పదిహేనుసార్లు, ప్రతిసారీ కొత్తగా చెప్పాలి. కోతల పండుగకు అక్కడ ఇప్పుడు ఎక్కువగా డబ్బాల ఆహారం తెచ్చి పేదలకు పంచే కేంద్రాలకు పంపుతారు. గోదావరి జిల్లాల్లోనో ఖమ్మం వైపో కోతకాల పండుగనాడు వడ్ల బస్తా, గుమ్మడికాయ, కోడిపుంజు తెచ్చి చర్చి ముందు వేలం వేసే తెలుగు సంఘాలను చూసినవాళ్లకు ఈ చుట్టరికం తెలిసిపోతుంది.

ఇంగ్లండ్ ఇప్పుడు చేరుతున్న చోటు

వికార్ ఉద్యోగి కాదు, పదవిలో ఉన్న వ్యక్తి. ఒక గ్రామీణ రెక్టర్ కేసులో 2015లో ఇంగ్లండ్ అప్పీళ్ల కోర్టు ఈ మాటే చెప్పింది. రోజువారీ పనికి పైనుంచి లెక్క అడిగే యజమాని ఉండరు. స్వేచ్ఛ ఎంతుందో ఒంటరితనమూ అంతే ఉంది. 1994లో స్త్రీలకు గురుపట్టం ఇవ్వడం మొదలైంది, అదే ఏడాది పల్లెకు వచ్చిన మహిళా వికార్ కథతో ‘ద వికార్ ఆఫ్ డిబ్లీ’ హాస్య ధారావాహిక బీబీసీలో మొదలై ఇంటింటా నవ్వులు పూయించింది. అందులో ఊరు ఒక్కటే. టీవీ వికార్‌కూ అసలు వికార్‌కూ ఉన్న పెద్ద తేడా అదే.

మరి ఏడు ఊళ్లలో వికార్ లేని ఆరు ఊళ్లను ఎవరు నడుపుతున్నారు? ప్రతి పారిష్‌కూ ఇద్దరు చర్చివార్డెన్లు ఉంటారు. వాళ్లను ఎన్నుకునే సమావేశంలో, చర్చికి రాకపోయినా, ఊరి ఓటరు జాబితాలో పేరున్న ఎవరైనా ఓటు వేయొచ్చు. తాళాలు, లెక్కలు, కారే కప్పు, కొత్త వికార్ వచ్చేదాకా ఆరాధనల ఏర్పాటు అన్నీ వాళ్ల చేతుల్లో ఉంటాయి. ప్రసంగం చేయడానికి శిక్షణ పొందిన రీడర్లు 1866 నుంచి ఉన్నారు. భృతి తీసుకోకుండా వేరే ఉద్యోగం చేసుకుంటూ సేవచేసే గురువులున్నారు. ఇల్లు మాత్రం తీసుకుని ఆదివారాలతో పాటు వారంలో రెండు రోజులు పనిచేసే గురువులున్నారు. వీళ్లకు తోడు రిటైరైన గురువులు. వీళ్లంతా ఒక్క నెల మానేస్తే పల్లె చర్చిల్లో సగం తెరుచుకోవు.

ఈ స్థితిని ఇంగ్లండ్‌లో చాలామంది పతనంగా చూస్తారు. గురువుల సంఖ్య తగ్గించడాన్ని వ్యతిరేకిస్తూ, పారిష్‌ను కాపాడాలంటూ 2021లో ఒక ఉద్యమమే మొదలైంది. వాళ్ల వాదనలో బలముంది. ముఖం తెలియని వికార్ దగ్గరకు చావింటి మనిషి వెళ్లడు. అయితే తెలుగు నేల నుంచి చూస్తే ఇదే సంగతి మరోలా కనిపిస్తుంది.

లెస్టర్‌షైర్‌లోని ఫ్రిస్బీ అనే పల్లె వికార్ కొడుకు రాబర్ట్ నోబుల్ 1841లో మచిలీపట్నం వచ్చి, 1843లో బడి పెట్టారు. నోబుల్ కాలేజీ దాని నుంచే పుట్టింది. అలా మొదలైన ఆంగ్లికన్ (ఇంగ్లండ్ చర్చి సంప్రదాయపు) సేవ 1912లో దోర్నకల్ డయాసిస్‌కు వి.ఎస్. అజరయ్య తొలి భారతీయ ఆంగ్లికన్ బిషప్ కావడం దాకా వచ్చింది. అజరయ్య గారి డయాసిస్‌లో ఊరికో గురువు ఎన్నడూ లేరు. దశమభాగపు పన్ను లేదు, మాన్యాలు లేవు. ఒక్క అయ్యగారి కింద ఎన్నో పల్లెలు ఉండేవి. ప్రతి పల్లెలో ఒక ఉపదేశి పగలు బడి చెప్పి, సాయంత్రం ప్రార్థన నడిపేవారు. అయ్యగారు వచ్చినప్పుడు బాప్తిస్మాలు, ప్రభురాత్రి భోజనం. పూట పూటకీ వంటబియ్యంలోంచి పిడికెడు తీసి దేవుడి పేరిట దాచే తెలుగు స్త్రీల అలవాటు సంఘాలకు ఆధారమైంది. 1947లో సీఎస్ఐ ఏర్పడ్డాక కూడా పల్లె పాస్టరేట్ ఈ తీరునే సాగింది.

దోర్నకల్ ఈ పద్ధతిని పేదరికం వల్ల ఎంచుకుంది, ఇంగ్లండ్ ఇప్పుడు ఆదాయం తరిగి దీనికి చేరుతోంది. తేడా ఏమిటంటే, దోర్నకల్‌లో ఊరి ఉపదేశి లేకుండా సంఘమే లేదని మొదటి రోజు నుంచీ అందరికీ తెలుసు. ఇంగ్లండ్‌లో మాత్రం ఊరిమనిషి చేసే పనిని ఇంకా వికార్ లేని లోటుకు తాత్కాలిక సర్దుబాటుగానే చూస్తున్నారు. పొలిమేర లోపల ప్రతి మనిషికీ బాధ్యత వహించే ఒకరు ఉండాలన్న పాత ఆలోచన గొప్పదే. ఆ బాధ్యతను ఒక్క మనిషి డైరీలోనే ఇరికించాలని ఎక్కడా రాసిలేదు. ఏడూళ్ల మధ్య కారు నడిపే వికార్‌కు నిజంగా ఊరట కలిగించేది మరో వికార్ కన్నా, ప్రతి ఊళ్లోనూ పేరు పెట్టి నియమించిన, శిక్షణ ఇచ్చిన, ఊరు తమవాళ్లని ఒప్పుకున్న ఒక ఊరిమనిషి. అలా చేసిన చోట వికార్ మళ్లీ ఆ మధ్యాహ్నాలను ఇళ్లకు వెళ్లడానికి వాడుకోగలుగుతారు. అసలు ఆ పదవి ఉన్నది అందుకే.